తమ్ముడి ఎకౌంట్ తెరిచింది ఎవరు?

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు జరిగిన చిన్న విషయంతో మొదలుపెడతాను. మా పిన్నిగారబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. భోగి రోజు రాత్రి అందరం అరుగు మీద కూర్చుని కబుర్లాడుతుంటే వాడొక్కడూ పెరట్లో అరటిచెట్ల దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఏరా అంటే ఏం లేదన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. నిద్రపోయే ముందు తనే చెప్పాడు. స్కూల్ యానివర్సరీకి వేషం వేసినప్పుడు డైలాగ్ మర్చిపోయి ఏడ్చాడట. ఎవరో ఆ ఫొటో తీసి వాట్సాప్ స్టికర్ చేశారు. క్లాసు గ్రూపులో ఎవరు ఏం రాసినా కింద ఆ స్టికరే పడుతోంది. వారం రోజులుగా ఇదే వరస.

"గ్రూపులోంచి బయటికి వచ్చేయొచ్చు కదరా" అన్నాను, పెద్ద పరిష్కారం చెప్పినట్టు.

"వచ్చేస్తే నా గురించి ఏం అనుకుంటున్నారో తెలీదు కదన్నయ్యా" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. కనీసం వాడి ఇన్‌స్టా సెట్టింగ్స్ అయినా సరిచేద్దామని ఫోన్ తీసుకున్నాను. పుట్టిన తేదీ దగ్గర 2000 జనవరి 1 అని ఉంది. పన్నెండేళ్ల పిల్లాడు కంపెనీ లెక్కలో పాతికేళ్లు దాటిన మగాడు. ఆ తేదీ వేసింది ఎవరో నాకు వెంటనే గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం "అన్నయ్యా, నాకూ ఒక ఎకౌంట్ పెట్టి ఇవ్వవా" అని వెంటపడితే, అరనిమిషంలో తెరిచి ఇచ్చింది నేనే.

పిల్లల ఆన్‌లైన్ రక్షణ అనగానే తల్లిదండ్రులకు, టీచర్లకు, ప్రభుత్వానికి సలహాలు చెప్పే వ్యాసాలు చాలా వచ్చాయి. ఇది మనకోసం, అంటే ఇంట్లో అందరి ఫోన్లూ బాగుచేసే బీటెక్ అన్నయ్యల కోసం, అక్కల కోసం.

నవ్విన వాళ్లం మనమే

2024 జూలై నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రి, చిన్న కూతురు ఆడుకుంటున్న మామూలు రీల్‌ను తీసుకుని, ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు ఆన్‌లైన్‌లో కూర్చుని లైంగికమైన జోకులు వేసుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు డార్క్ కామెడీ. నటుడు సాయిధరమ్ తేజ్ ఆ క్లిప్‌ను ప్రస్తావిస్తూ, పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేముందు జాగ్రత్తపడమని తల్లిదండ్రులను కోరాడు. రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులనూ ట్యాగ్ చేశాడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది. కొద్ది రోజుల్లోనే ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో పట్టుకుని హైదరాబాద్ తెచ్చారు. ఐటీ చట్టంలోని 67బీ, పోక్సో చట్టం సెక్షన్లు పడ్డాయి.

అతని పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే వ్యాసం అతని గురించి అయిపోతుంది. నేను అడగాలనుకున్నది వేరే. ఆ ఛానెల్‌ను అంతకు ముందు ఇన్నేళ్లు చూసింది ఎవరు? హాస్టల్ గదిలో అన్నం తింటూ ఒక ఫోన్ చుట్టూ నలుగురు చేరి రోస్ట్ వీడియోలకు నవ్వింది ఎవరు? ఆ క్లిప్‌ను కాకపోయినా, అలాంటివి చాలానే మనం చూశాం. ఎవరి రంగు మీదో, ఎవరి యాస మీదో, ఎవరి పళ్ల మీదో జోకు వేస్తే నవ్వాం. అక్కడ నవ్వడం అలవాటైన వాడికి, పసిపిల్ల దగ్గర ఆగాలని ఎవరూ విడిగా చెప్పరు. గీత ఎక్కడుందో నవ్వే జనమే గీసి చూపించాలి. మనం గీయలేదు.

ఇంకో ఉదాహరణ మన చదువుకు ఇంకా దగ్గరిది. నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో 2023 నవంబర్‌లో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్ని. వయసు 24, చదివింది బీటెక్. తన ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. ఆవిడ పేరున్న నటి కాబట్టి దేశం కదిలింది. అదే పని తొమ్మిదో తరగతి అమ్మాయి ఫొటోతో క్లాస్‌మేట్ చేస్తే ఎవరు కదులుతారు? ఆ టూల్స్ వాడటానికి ఇప్పుడు బీటెక్ కూడా అక్కర్లేదు.

ర్యాగింగ్ తెలుసు, మరి ఇది?

మనకు ర్యాగింగ్ అంటే ఏమిటో తెలుసు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. కాలేజీలో చేరేటప్పుడు మనమూ, నాన్నగారూ అఫిడవిట్ ఇచ్చాం. సీనియర్ ఎవరు, జూనియర్ ఎవరు, ఏ బ్లాక్‌లో జరిగింది, వార్డెన్‌కు తెలుసా లేదా, ఇవన్నీ అడగడానికి వీలుంటుంది.

పిల్లల మధ్య ఆన్‌లైన్ వేధింపుకు ఈ హద్దులేవీ ఉండవు. మూడు తేడాలు చూడండి. ఒకటి, సమయం. స్కూల్లో ఏడిపించిన వాడు సాయంత్రం బెల్లు కొట్టగానే ఇంటికి పోయేవాడు. ఇప్పుడు వాడు పక్కలో దిండు కింద ఉంటున్నాడు. రెండు, జనం. రీసెస్‌లో పదిమంది నవ్వితే పదిమందే. గ్రూపులో పడితే ఎంతమంది చూశారో బాధితుడికి తెలియదు కాబట్టి, అందరూ చూశారనే అనుకుంటాడు. మూడు, గుర్తు. చిన్నప్పుడు మనకు పెట్టిన వెక్కిరింపు పేర్లు కాలంతో పోయాయి. స్టికర్ పోదు. ఎవరి ఫోన్లో సేవ్ అయిందో, ఏ జిల్లా దాటిందో చెప్పలేం.

ఒక్క నిమిషం ఆగి మీ స్టికర్ల పెట్టె తెరవండి. మూతి ముడిచిన పాప, ఏడుస్తున్న బాబు, మైకు ముందు తడబడ్డ బడిపిల్లాడు, వీళ్లలో ఒక్కరైనా కనిపిస్తారు. ఆ పిల్లలు ఎవరో మనకు తెలియదు. తెలియకపోవడం వల్లే హాయిగా పంపుతున్నాం. వాళ్లూ ఏదో ఊళ్లో పెరిగి ఇంటర్‌కో, ఇంజనీరింగ్‌కో వచ్చి ఉంటారు. తమ ముఖాన్ని తామే ఏదో గ్రూపులో చూసి ఉంటారు.

మన డెల్టా ఇళ్లు వేరు

"పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి" అనేది ఎక్కువగా వినిపించే సలహా. పట్నంలో అమ్మానాన్న ఇద్దరూ ఇంట్లో ఉండే కుటుంబానికి అది నప్పుతుందేమో. మన దగ్గర పరిస్థితి చూడండి. రాజోలు, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు ఎన్ని ఇళ్లల్లో అమ్మో నాన్నో కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉన్నారు! పిల్లలు అమ్మమ్మ దగ్గరో, మేనత్త దగ్గరో పెరుగుతారు. ఆ పిల్లకు ఫోన్ ఆటవస్తువు కాదు. రాత్రి తొమ్మిది దాటాక అక్కడ పని ముగించుకున్న అమ్మ ముఖం కనిపించే కిటికీ. దాన్ని ఎలా లాక్కుంటాం?

ఆ కిటికీ మూసుకుంటే ఎలా ఉంటుందో కోనసీమకు ఒకసారి తెలిసొచ్చింది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ ఏటిగట్ల వైపు పోయిన రోజులవి. పెద్దవాళ్లకే అంత ఇబ్బంది అయితే, అమ్మతో మాట్లాడటానికి అదొక్కటే దారి ఉన్న పిల్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో ముడి ఉంది. ఆ పిల్లకు ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి? అమ్మమ్మకు ఇన్‌స్టా అంటే తెలియదు. అమ్మకు చెబితే అక్కడ దూరదేశంలో ఏడుస్తుంది. నాన్నకు చెబితే ఫోన్ పగలగొట్టమంటాడు. ఫోన్ పోతే అమ్మ కూడా పోయినట్టే. అందుకే ఆ పిల్ల నోరు విప్పదు. బెదిరించేవాడికి కావలసింది సరిగ్గా ఇదే. వాడి బలం ఫొటోలో లేదు, పిల్ల నోరు విప్పదన్న నమ్మకంలో ఉంది. ఈ సంగతి మగపిల్లలకీ వర్తిస్తుంది. అమ్మాయి పేరుతో ప్రొఫైల్ పెట్టి, వీడియో కాల్‌లో రికార్డు చేసి, డబ్బులు పంపమని బెదిరించే ముఠాలకు టీనేజ్ కుర్రాళ్లూ దొరుకుతున్నారు. "మగపిల్లాడివి, నీకేం భయం" అనే ఇళ్లల్లో వాళ్లు చెప్పుకునే వీలే ఉండదు.

అసర్ 2024 సర్వే పల్లెల్లోని 14–16 ఏళ్ల పిల్లల గురించి దేశవ్యాప్తంగా కొన్ని లెక్కలు ఇచ్చింది. 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువుకోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియాకోసం వాడింది 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం, రిపోర్ట్ చేయడం తెలిసినవాళ్లు 62 శాతం. ప్రొఫైల్‌ను ప్రైవేట్ చేయడం తెలిసినవాళ్లు 55 శాతం. అంటే బండి నడపడం అందరికీ వచ్చు, బ్రేకు ఎక్కడుందో దాదాపు సగం మందికి తెలియదు.

ఒక్క అబద్ధపు తేదీ

ఇప్పుడు మళ్లీ ఆ 2000 జనవరి 1 దగ్గరికి వద్దాం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎకౌంట్‌కు కనీస వయసు 13. పిల్లలకు ఎకౌంట్ కావాలంటే మనం చేసే పని తేదీ మార్చడం. "దానివల్ల ఏమవుతుందిలే" అనుకుంటాం. ఏమవుతుందో వరుసగా చూడండి.

2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో టీన్ ఎకౌంట్లు వచ్చాయి. 18 లోపు వయసు ఉన్నవాళ్ల ఎకౌంట్ దానంతట అదే ప్రైవేట్‌గా ఉంటుంది. పరిచయం లేనివాళ్లు మెసేజ్ పంపలేరు. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మోగవు. 16 లోపు వాళ్లు ఈ సెట్టింగ్స్ సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. ఇవి పరిపూర్ణమైన రక్షణ కాదు, అయినా ఇంటికి తలుపులాంటివి. అబద్ధపు తేదీ వేసిన రోజే ఆ తలుపు తీసి పక్కన పెట్టేశాం. సిస్టమ్ దృష్టిలో వాడు పెద్దవాడు. పెద్దవాళ్లకు చూపించే రీల్స్, పెద్దవాళ్లకు వచ్చే మెసేజ్‌లు వాడికి వస్తాయి. ఇన్‌పుట్ తప్పయితే అవుట్‌పుట్ తప్పు వస్తుందని ఫస్టియర్‌లోనే చదువుకున్నాం.

దిద్దుకునే దారి ఉంది. పిల్లలకు 13 దాటితే ఎకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌లోకి వెళ్లి అసలు తేదీ పెట్టండి. 13 లోపు అయితే ఆ ఎకౌంట్ మూసేయడమే రూలు. మూసేసే ముందు ఎందుకో వాళ్లకు చెప్పండి, లేకపోతే రెండోది తెరుస్తారు. ఆ చిన్నవాళ్ల ఫోన్‌కు గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటిది పెట్టొచ్చు. కాకపోతే అది వాళ్లకు తెలిసే పెట్టాలి. దొంగచాటుగా పెట్టిన కాపలా బయటపడ్డ రోజున, పిల్లలు మనతో చెప్పడం మానేస్తారు.

ఫొటో ఇవ్వకుండా ఫొటో తీయించడం

"పాడు ఫొటో ఒకసారి బయటికి వెళితే ఇక అంతే" అనే మాట పిల్లల ప్రాణాల మీదకి తెస్తుంది. అది పూర్తి నిజం కూడా కాదు. ఇక్కడ మన సబ్జెక్టు పనికొస్తుంది.

అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ 2023లో టేక్ ఇట్ డౌన్ అనే సేవ మొదలుపెట్టింది. 18 ఏళ్లలోపు ఉండగా తీసిన నగ్న, అర్ధనగ్న ఫొటోలు, వీడియోల కోసం అది. పెద్దవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అని ఇంకొకటి ఉంది. రెండిటిలోనూ అసలు ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు, పేరు కూడా ఇవ్వక్కర్లేదు. ఫోన్లోనే ఆ ఫొటోకు హాష్ తయారవుతుంది. ఆ హాష్ మాత్రమే బయటికి వెళుతుంది. ఇందులో చేరిన ప్లాట్‌ఫారాలు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ వంటివి, తమ దగ్గర అదే హాష్ ఉన్న ఫొటో కనిపిస్తే తొలగిస్తాయి.

హాష్ అనగానే మనకు ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తొస్తుంది. దానిలో ఒక్క పిక్సెల్ మారినా హాష్ మొత్తం మారిపోతుంది. పాస్‌వర్డ్‌కు అది మంచిదే. ఫొటోను కాస్త కత్తిరించి మళ్లీ పెట్టే దుర్మార్గుడి ముందు అది నిలబడదు. అందుకే ఫొటోల కోసం పర్సెప్చువల్ హాష్ అనే వేరే రకం పుట్టింది. 2009లో మైక్రోసాఫ్ట్, ప్రొఫెసర్ హానీ ఫరీద్ కలిసి చేసిన ఫొటోడీఎన్‌ఏ, 2019లో ఫేస్‌బుక్ అందరికీ ఇచ్చిన పీడీక్యూ ఈ కోవలోవి. ఇవి బొమ్మలోని వెలుగునీడల అమరికను అంకెలుగా మారుస్తాయి. ఫొటో సైజు మారినా, కొంచెం మసకబారినా అంకెలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. పీడీక్యూలో అయితే రెండు హాష్‌ల మధ్య ఎన్ని బిట్లు తేడా ఉన్నాయో లెక్కేసి, ఒక హద్దు లోపు ఉంటే అదే ఫొటో అని నిర్ణయిస్తారు. హ్యామింగ్ డిస్టెన్స్ పరీక్ష కోసమే అనుకున్నాం, ఇదిగో ఒక పిల్ల పరువు కాపాడే పనిలో ఉంది.

దీనికీ పరిమితులున్నాయి. బొమ్మను బాగా మార్చేస్తే దొరకదు. వాట్సాప్ మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయి కాబట్టి దారిలో ఎవరూ పోల్చి చూడలేరు. అక్కడ మనుషులే ఆపాలి. వచ్చినదాన్ని ముందుకు పంపని మనిషే అక్కడి ఫిల్టర్.

ధవళేశ్వరం లెక్కలో మూడు హెచ్చరికలు

గోదారి గట్టున పుట్టినవాళ్లకు ఈ అంకెలు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మొదటి హెచ్చరికకే లంక గ్రామాలవాళ్లు గొడ్డూగోదా గట్టెక్కించుకుంటారు. మూడోది వచ్చేదాకా ఎవరూ కూర్చోరు. పిల్లల విషయంలో కూడా ఇలాగే మూడు మట్టాలు గుర్తుపెట్టుకోవచ్చు.

మొదటిది: ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, మనం దగ్గరికి వస్తే స్క్రీన్ తిప్పేయడం, స్కూలుకు వెళ్లనని కడుపునొప్పి చెప్పడం, ఇష్టమైన ఆట మానేయడం. ఈ దశలో విచారణ మొదలుపెట్టకండి. పక్కన కూర్చుని వేరే మాటలు మాట్లాడండి. "నా దగ్గర చెబితే ఫోన్ తీసేసుకోను" అనే ఒక్క మాట ముందు ఇచ్చేయండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. క్లాసు గ్రూపు వెక్కిరింపులైతే స్క్రీన్‌షాట్లు తీసి, ఎవరు, ఎప్పుడు అన్నది రాసి పెట్టుకుని క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడాలి. గ్రూపులోకి దిగి మనం పోట్లాడితే రేపు స్కూల్లో అనుభవించేది వాడే.

రెండోది: బెదిరింపు, డబ్బు అడగడం, ఫొటో పంపమని ఒత్తిడి, దొంగ ప్రొఫైల్. ఇక్కడ పాటించవలసినవి ఇవి. డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే ఆగదు. చాట్ డిలీట్ చేయకూడదు. ఎదుటివాడి యూజర్‌నేమ్, లింకు, తేదీ, సమయం రాసుకుని అప్పుడు బ్లాక్ చేయాలి. ఒక జాగ్రత్త బాగా గుర్తుంచుకోండి. అది పిల్లల లైంగిక చిత్రమైతే మీరు సాక్ష్యం కోసమని కూడా కాపీలు తీయకండి, "చూడండి ఎంత ఘోరమో" అని ఎవరికీ పంపకండి. అలాంటివి దాచుకోవడం కూడా పోక్సో కింద నేరమవుతుందని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లింకు చాలు, పోలీసులకు అది చూపించండి.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలకు విడిగా ఒక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930. పిల్లలకు సంబంధించిన ఏ ఆపదకైనా 1098.

మూడోది: "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" లాంటి మాటలు, తనను తాను గాయపరచుకోవడం, ఆన్‌లైన్ పరిచయస్థుణ్ని కలవడానికి ఒంటరిగా బయల్దేరడం. ఇక లెక్కలు వేసుకోకండి. పిల్లను ఒంటరిగా వదలకండి. 112కు ఫోన్ చేయండి. మనసు గురించి మాట్లాడటానికి 14416, టెలిమానస్, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

స్టేషన్ అంటే భయపడేవాళ్లకు

"పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కితే పిల్ల పేరు ఊరంతా తెలుస్తుంది" అనేది మన ఊళ్లల్లో పెద్ద భయం. చట్టం ఆ భయాన్ని ముందే ఊహించింది. పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో, స్కూలు, ఇల్లు ఏదీ మీడియాలో రాకూడదు. అందుకే "జస్టిస్ ఫర్" అని బాధిత బాలిక ఫొటో స్టేటస్ పెట్టేవాళ్లు న్యాయం చేస్తున్నామనుకుంటూ తప్పు చేస్తున్నారు.

రాజోలులో ఉన్న పిల్ల కేసు రాజోలులోనే పెట్టాలని లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో రాతపూర్వకంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న మన రాజమహేంద్రవరంలోనే మొదలైంది. తర్వాత ప్రభుత్వం మారింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. పేర్లు మారుతుంటాయి. ఏది ఉన్నా, అందులోకి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే మనిషి ఒకరు కావాలి.

నిషేధిస్తే సరిపోతుందా?

ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఎకౌంట్లు ఉండకూడదని చట్టం చేసింది. 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష పిల్లలకు కాదు, కంపెనీలకు. పాటించకపోతే జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు. 2026 జనవరిలో మన రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ దావోస్‌లో మాట్లాడుతూ, అలాంటి చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కూడా పరిశీలిస్తున్నామన్నారు. దేశం మొత్తానికి చూస్తే, 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసింది. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి సరిచూసుకోవాలని, వాళ్లను వెంబడించి ప్రకటనలు చూపకూడదని చెప్పింది.

ఉద్దేశం మంచిదే. కంపెనీల మీద బరువు పెట్టడం కూడా సరైనదే, ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ బరువంతా పిల్లల మీదే పడింది. కానీ మన ఊరి నుంచి చూస్తే రెండు సందేహాలు వస్తాయి. అనుమతి ఇవ్వవలసిన అమ్మ కువైట్‌లో, పెంచుతున్న అమ్మమ్మ ఇక్కడ. ఓటీపీ ఎవరి ఫోన్‌కు రావాలి? రెండోది, వయసు అడిగే పెట్టె ఎంత గట్టిదైనా, పక్కన కూర్చుని అబద్ధం టైప్ చేసి ఇచ్చే అన్నయ్య ఉంటే అది ఏం చేయగలదు? చట్టం గట్టు వేస్తుంది. గట్టుకు ఎలుక బొరియ పడితే చూసుకోవలసింది ఆ ఊరివాళ్లే. ఈ సంగతిలో ఆ బొరియ మనమే తవ్వుతున్నాం.

మన వంతు

కాబట్టి ఈ నెలలో నాలుగు పనులు చేద్దాం. పెద్ద ఉద్యమమేమీ అక్కర్లేదు. ఇంటికి వెళ్లినప్పుడు మనం తెరిచి ఇచ్చిన ఎకౌంట్లలో పుట్టిన తేదీలు సరిచేద్దాం. ముక్కూమొహం తెలియని పిల్లల స్టికర్లు మన ఫోన్లోంచి తీసేద్దాం. క్లబ్ తరఫున మీమ్ పేజీ నడిపేవాళ్లు మైనర్ల ముఖం వాడకూడదని నియమం పెట్టుకుందాం. ఎన్నెస్సెస్ క్యాంపుకు వెళ్లే ఊళ్లో హైస్కూలు ఉంటే, ఒక పూట ఎనిమిది, తొమ్మిది తరగతులకు బ్లాక్ చేయడం, రిపోర్ట్ చేయడం, ప్రైవేట్ చేయడం చేతిలో ఫోన్ పెట్టి నేర్పిద్దాం. ఉపన్యాసం వద్దు, పిల్లలు నిద్రపోతారు.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. పిన్నితో మాట్లాడాను. పిన్ని క్లాస్ టీచర్‌తో మాట్లాడింది. ఆవిడ ఎవరి పేరూ ఎత్తకుండా క్లాసులో ఒక పీరియడ్ దాని గురించే చెప్పారట. స్టికర్ చేసిన కుర్రాడు గ్రూపులోంచి తీసేశాడు, సారీ కూడా చెప్పాడు. అయినా ఎంతమంది ఫోన్లలో ఇంకా ఉందో తెలియదు. ఆ మాట తమ్ముడికి దాచకుండానే చెప్పాను.

ఎకౌంట్ మూసేద్దామంటే మొదట మూతి ముడిచాడు. నేను కూడా తప్పు చేశానని, పుట్టిన తేదీ అబద్ధం వేసింది నేనేనని ఒప్పుకున్నాను. కాసేపు ఆలోచించి "అయితే పదమూడు వచ్చాక నిజం తేదీతో మళ్లీ పెడతావా?" అన్నాడు. పెడతానన్నాను. "నువ్వు పక్కనే ఉండి పెట్టాలి" అన్నాడు.

వాడి పుట్టినరోజు ఆగస్టులో. అప్పటికి మాకు సెమిస్టర్ మొదలైపోతుంది. అయినా ఆ రోజుకు ఇంటికి వెళతాను.